ఇల్లు మారావా? పది రోజుల్లో చెప్పాలి... చెప్పకపోతే?

అమెరికాలో ఒక అపార్ట్‌మెంట్ నుంచి ఇంకో అపార్ట్‌మెంట్‌కి మారే మన తెలుగువాడి జాబితా ఎప్పుడైనా చూశారా? కరెంటు కంపెనీకి చెప్తాడు. ఇంటర్నెట్ వాడికి నెల ముందే చెప్తాడు, పాత చోట ఒక్కరోజు కూడా ఎక్కువ బిల్లు పడకూడదు కదా. బ్యాంకు, క్రెడిట్ కార్డులు, కారు ఇన్సూరెన్సు, అమెజాన్, పిల్లల స్కూలు... అన్నీ మారుస్తాడు. పోస్టాఫీసు వాడికి ఫార్వార్డింగ్ పెడతాడు. ఊళ్ళో ఉన్న బావమరిదికి కూడా కొత్త అడ్రసు వాట్సాప్‌లో పంపుతాడు, పచ్చళ్ళ పార్శిల్ పాత ఇంటికి పోకుండా.

ఒక్క చోట మాత్రం చెప్పడు. చెప్పకపోతే జైల్లో పెట్టగలిగే అధికారం ఉన్న చోట.

దాని పేరు ఏఆర్-11. ఏఆర్ అంటే ఏలియన్ రిజిస్ట్రేషన్. ఫారం పాత పేరైతే 'ఏలియన్స్ చేంజ్ ఆఫ్ అడ్రస్ కార్డ్'. అంటే గ్రహాంతరవాసి ఠికానా మార్పు పత్రం అన్నమాట :). ఇమ్మిగ్రేషన్ వ్యవహారాల్లో పైసా ఫీజు అడగని అరుదైన ఫారాల్లో ఇదొకటి. పది నిమిషాల పని. అయినా ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర అడిగి చూడండి, మూడు రకాల సమాధానాలొస్తాయి. "అదేంటి?" అనేవాళ్ళు కొందరు. "లాయరు చూసుకుంటాడు కదా" అనేవాళ్ళు కొందరు. "అబ్బే, అదెవడు చేస్తాడండీ, ఎవరినైనా పట్టుకున్నారని విన్నారా?" అనే అనుభవజ్ఞులు మిగతావాళ్ళు.

నా గొడవ ఎక్కువగా ఈ మూడో రకం వాళ్ళతోనే. ఆ చట్టంతో కూడా గొడవే, దాని దగ్గరికీ వస్తాను. ఈ చట్టం చెడ్డ చట్టం. కాబట్టే దాన్ని తూచా తప్పకుండా పాటించాలి. రెండు మాటలూ కలిసి ఎలా నిలబడతాయో చెప్పడానికే ఈ టపా.

చట్టం ఏమంటోంది?

ఇమ్మిగ్రేషన్ అండ్ నేషనాలిటీ యాక్ట్, 265వ సెక్షన్. అమెరికా పౌరులు కాని వాళ్ళు, అంటే రిజిస్టర్ అవ్వాల్సిన ప్రతి విదేశీయుడూ, ఇల్లు మారిన పది రోజుల్లోపు కొత్త అడ్రసు రాతపూర్వకంగా తెలియజెయ్యాలి. హెచ్-1బి అయినా, ఎల్-1 అయినా, హెచ్-4 అయినా, గ్రీన్‌కార్డ్ అయినా అంతే. గ్రీన్‌కార్డు వచ్చేసింది కాబట్టి మనకేంటి అనుకునేవాళ్ళు బోలెడుమంది. పౌరసత్వ ప్రమాణం చేసిన రోజుదాకా ఈ బాధ్యత పోదు. ఏ, జి వీసాల మీద వచ్చే దౌత్య సిబ్బంది లాంటివాళ్ళకి మినహాయింపు ఉంది. ఎఫ్-1 విద్యార్థులైతే యూనివర్సిటీలోని ఇంటర్నేషనల్ ఆఫీసుకి పది రోజుల్లో చెప్తే వాళ్ళు సెవిస్‌లో ఎక్కిస్తారు.

ఇహ 266వ సెక్షన్ శిక్షల సంగతి. చెప్పకపోతే అది మిస్‌డిమీనర్, అంటే నేరం. చట్టంలో రాసిన జరిమానా 200 డాలర్లు, లేదా 30 రోజుల జైలు, లేదా రెండూ. ఆ 200 చూసి నవ్వకండి. ఆ తర్వాత వచ్చిన సాధారణ జరిమానాల చట్టం ప్రకారం ఈ తరగతి నేరానికి గరిష్ఠ పరిమితి 5,000 డాలర్లు.

అసలు కాటు దాని వెనకాలే ఉంది. శిక్ష పడినా పడకపోయినా సరే, అడ్రసు చెప్పని మనిషిని అదుపులోకి తీసుకుని దేశం నుంచి పంపెయ్యొచ్చు అంటుంది అదే సెక్షన్. తప్పించుకోవాలంటే, చెప్పకపోవడానికి సబబైన కారణం ఉందనో, కావాలని చెయ్యలేదనో నిరూపించుకోవాలి. ఎవరు నిరూపించాలి? ప్రభుత్వం కాదండీ, మీరే. దొంగతనం కేసులో దొంగతనం చేశాడని పోలీసు నిరూపించాలి. ఇక్కడ మాత్రం కావాలని మర్చిపోలేదని మీరు నిరూపించుకోవాలి. 'కావాలని మర్చిపోలేదు' అని రుజువులతో సహా ఎలా నిరూపిస్తారో నాకైతే అర్థం కాదు.

"ఎవడు చేస్తాడండీ" అనేవాళ్ళకి కాస్త చరిత్ర

ఇది నిన్నా మొన్నా పుట్టింది కాదు. రెండో ప్రపంచయుద్ధం యూరప్‌లో జరుగుతుండగా 1940లో ఏలియన్ రిజిస్ట్రేషన్ యాక్ట్ అని ఒకటి చేశారు. దేశంలో ఉన్న విదేశీయులంతా పోస్టాఫీసుకి వెళ్ళి వేలిముద్రలు వేసి నమోదు చేసుకోవాలన్నారు. ఆ ఏడాది ఆగస్టు నుంచి డిసెంబరు దాకా నాలుగు నెలల్లో దాదాపు 50 లక్షలమంది నమోదయ్యారు. ఇల్లు మారితే చెప్పాలన్న నియమం మొదలైంది అక్కడే. అప్పట్లో గడువు ఐదు రోజులు. 1952 చట్టం దాన్ని పది చేసింది.

ఆ 1952 చట్టంలోనే ఇంకో ముచ్చట ఉంది. తాత్కాలికంగా ఉండేవాళ్ళు ఇల్లు మారినా మారకపోయినా మూడు నెలలకోసారి అడ్రసు చెప్పాలి. మిగతా విదేశీయులంతా ప్రతి జనవరిలో పోస్టాఫీసులో దొరికే కార్డు నింపి పంపాలి. 1965 చట్టం తర్వాత వచ్చిన మన తొలితరం డాక్టర్లూ ఇంజనీర్లూ ఉన్నారే, సంక్రాంతి సమయంలో వాళ్ళకి ఈ కార్డు తద్దినం ఒకటి ఉండేది. 1981 డిసెంబరులో ఆ ఏటేటా రిపోర్టింగు, మూడు నెలల రిపోర్టింగు రెండూ ఎత్తేశారు. ఎందుకు ఎత్తేశారో ఊహించడం కష్టం కాదు... వచ్చి పడే కార్డుల గుట్టతో చేసే పనేమీ లేదు కాబట్టి. కానీ ఇల్లు మారినప్పుడు చెప్పాలన్న ముక్కని, దాని శిక్షల్నీ మాత్రం అలాగే ఉంచారు.

ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు ఈ చట్టాన్ని అందరూ మర్చిపోయారు, రాసినవాళ్ళతో సహా. 2001 సెప్టెంబరు 11 తర్వాత ఒక్కసారిగా గుర్తొచ్చింది. 2002 జూలైలో న్యాయశాఖ ఇకమీదట దీన్ని గట్టిగా అమలు చేస్తామని ప్రకటించింది. జనం బెదిరిపోయి ఫారాలు పంపడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే ఒక సంగతి బయటపడింది: అంతకుముందు బుద్ధిగా పంపినవాళ్ళ ఏఆర్-11లు దాదాపు 2 లక్షలు, కాన్సస్ సిటీ దగ్గర భూగర్భ గిడ్డంగిలో, పెట్టెల్లో, ఎవరూ కంప్యూటర్లోకి ఎక్కించకుండా పడి ఉన్నాయట! అదే ఏడాది నవంబరులో అమెరికా పార్లమెంటుకి చెందిన జనరల్ అకౌంటింగ్ ఆఫీసు ఒక నివేదికిచ్చింది. ఐఎన్ఎస్ దగ్గర నమ్మదగిన అడ్రసుల సమాచారం లేదనీ, అందువల్ల చాలామంది విదేశీయుల్ని అది వెతికి పట్టుకోలేకపోతోందనీ దాని సారాంశం.

అంటే ఏంటి? చెప్పినవాడి కార్డు గనిలో ఉంది. చెప్పనివాడి కార్డు అసలే లేదు. ఇద్దరూ ఆ శాఖ కంప్యూటర్లో ఒకేలా కనిపిస్తారు.

'అనుభవజ్ఞుల' వాదన ఇక్కడినుంచే పుడుతుంది. ఇంత బద్ధకపు శాఖ మనల్నేం పట్టుకుంటుందిలే అని. నేను ఇదే చరిత్ర చూసి తలకిందుల నిర్ణయానికొస్తాను. ఇరవయ్యేళ్ళు నిద్రపోయిన చట్టాన్ని లేపడానికి వాళ్ళకి కొత్త బిల్లు అక్కర్లేకపోయింది, ఓటింగు అక్కర్లేకపోయింది. ఒక ప్రకటన చాలింది. అమలు చెయ్యని చట్టం చచ్చిపోయిన చట్టం కాదు, అటక మీద దాచిన కర్ర. ఎవరి మీద ఎప్పుడు దించాలో దాచినవాడి ఇష్టం.

మళ్ళీ దించారు

2025 జనవరి 20న, పదవిలోకి వచ్చిన రోజునే, అధ్యక్షుడు ట్రంప్ సంతకం పెట్టిన ఉత్తర్వుల్లో ఒకటి ఈ రిజిస్ట్రేషన్ చట్టాన్ని పూర్తిగా అమలు చెయ్యమంది. ఆ ఏడాది ఏప్రిల్ 11 నుంచి కొత్త నిబంధన వచ్చింది. ఐ-94 ఉన్నవాళ్ళు, గ్రీన్‌కార్డున్నవాళ్ళు ఇప్పటికే రిజిస్టర్ అయినట్టు లెక్క, కాబట్టి మనకేం లేదు అని చాలామంది గుండె మీద చెయ్యేసుకుని పడుకున్నారు. కానీ అదే నిబంధన తిరగేస్తే మనిళ్ళల్లోకి వచ్చే ముక్కలు రెండున్నాయి.

మొదటిది, హెచ్-4 మీదున్న పిల్లలు అమెరికాలో ఉండగా పద్నాలుగేళ్ళు నిండితే, నిండిన 30 రోజుల్లో వాళ్ళని మళ్ళీ రిజిస్టర్ చేయించి వేలిముద్రలు ఇప్పించాలి. పుట్టినరోజు కేకు కోసిన నెల తిరక్కుండా ఆ పని చెయ్యాలన్నమాట. రెండోది, పద్దెనిమిదేళ్ళు దాటిన ప్రతివాడూ తన రిజిస్ట్రేషన్ రుజువుని ఎప్పుడూ దగ్గరుంచుకోవాలి. ఇదీ పాత చట్టమే, ఇదీ అటకమీంచి దించిందే.

దీనికితోడు 2025 ఫిబ్రవరి 28న యూఎస్‌సీఐఎస్ ఇంకో మెమో ఇచ్చింది. ఏదైనా దరఖాస్తు తిరస్కరించినప్పుడు, ఆ మనిషికి అప్పటికి చట్టబద్ధమైన స్టేటస్ లేకపోతే, ఇమ్మిగ్రేషన్ కోర్టుకి రమ్మనే నోటీసు ఇవ్వడం ఇక మామూలు పద్ధతి. ఆ నోటీసు ఎక్కడికి పంపుతారు? మీరు చివరగా చెప్పిన అడ్రసుకి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఒకాయన ఉద్యోగం పోయింది. ఎక్స్‌టెన్షనో, స్టేటస్ మార్పో దరఖాస్తు పెట్టాడు. అద్దె భారమై చిన్న ఇంటికి మారాడు, లేదా వేరే రాష్ట్రంలో స్నేహితుడి దగ్గరికి చేరాడు. అడ్రసు మార్చలేదు. ఇంకా రుజువులు కావాలన్న ఉత్తరం పాత ఇంటికి పోయింది. జవాబు లేదు కాబట్టి దరఖాస్తు కొట్టేశారు. ఆ ఉత్తరమూ పాత ఇంటికే. కోర్టు నోటీసు కూడా పాత ఇంటికే. మనిషి రాలేదు కాబట్టి జడ్జి ఆయన లేకుండానే వెళ్ళగొట్టే ఉత్తర్వు ఇవ్వొచ్చు; అడ్రసు చెప్పనివాడికి నోటీసు అందకపోయినా ఆ ఉత్తర్వు చెల్లుతుందని చట్టంలో స్పష్టంగా ఉంది. ఈ కథలో ఏఆర్-11 కోసం ఆయన్ని ఎవరూ పట్టుకోలేదు చూశారా? 200 డాలర్ల జరిమానా ఎవరూ వెయ్యలేదు. "ఎవరినైనా పట్టుకున్నారా" అనే ప్రశ్నే తప్పు ప్రశ్న. చాలా ఇళ్ళల్లో ఈ దెబ్బ పోలీసు రూపంలో రాదు, అందని ఉత్తరం రూపంలో వస్తుంది.

పోస్టాఫీసు ఫార్వార్డింగ్ ఉందిగా అంటారేమో. గ్రీన్‌కార్డుల్లాంటి ముఖ్యమైన కాగితాల కవర్ల మీద 'రిటర్న్ సర్వీస్ రిక్వెస్టెడ్' అని ఉంటుంది. అంటే అడ్రసులో మనిషి లేకపోతే కొత్తింటికి కాదు, పంపినవాడికే వెనక్కి పోతుంది. పన్నెండేళ్ళు లైన్లో నిలబడి తెచ్చుకున్న కార్డు గుమ్మందాకా వచ్చి వెనక్కి తిరిగిపోవడం కన్నా విషాదం ఏముంటుంది?

ఇదేం డిజైనండీ బాబూ

ఇప్పుడు చట్టం మీద గొడవ. మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాబట్టి మన భాషలోనే చూద్దాం.

ఒక సిస్టమ్ ఉంది. క్లయింటు మెసేజ్ పంపాలి. సర్వరు దానికి అక్నాలెడ్జ్‌మెంట్ పంపదు. వచ్చిన మెసేజ్‌ని లాగ్‌లో పెడుతుందో లేదో గ్యారంటీ లేదు. గడువు దగ్గరపడిందని గుర్తు చెయ్యదు. కానీ మెసేజ్ రాలేదని ఎప్పుడో ఇరవయ్యేళ్ళకి సర్వరుకి అనిపిస్తే, తప్పు క్లయింటుదే, పంపినట్టు నిరూపించుకునే భారమూ క్లయింటుదే. ఇలాంటి డిజైన్ డాక్యుమెంటు రివ్యూకి పెడితే మీ టీములో కొత్తగా చేరిన కుర్రాడు కూడా నవ్వుతాడు.

కాగితం రోజుల్లో కెంటకీ రాష్ట్రంలోని లండన్ అనే ఊరికో, ఆ తర్వాత వర్జీనియాలోని హారిసన్‌బర్గ్‌కో ఈ ఫారాన్ని పోస్టు చేసేవాళ్ళం. రసీదు రాదు. అందుకే లాయర్లు సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి ఆ రసీదు దాచుకోమనేవాళ్ళు. అంటే ఉచితమైన ఫారానికి రుజువు మాత్రం మన డబ్బుతో. పైగా ఏఆర్-11 పంపితే పెండింగులో ఉన్న కేసు అడ్రసు మారేది కాదు, దానికి వేరే చెప్పాలి. కోర్టులో కేసుంటే దానికి ఇంకో ఫారం, దాని గడువు ఐదు రోజులు. ఒకే ప్రభుత్వానికి ఒకే ఇంటి అడ్రసు మూడుసార్లు!

న్యాయంగా చెప్పాలంటే ఇందులో కొంత బాగుపడింది. 2023 అక్టోబరులో యూఎస్‌సీఐఎస్ ఆన్‌లైన్ ఖాతాలో కొత్త పద్ధతి పెట్టింది. అక్కడ ఒకసారి మారిస్తే ఏఆర్-11 బాధ్యతా తీరుతుంది, పెండింగులో ఉన్న చాలా రకాల దరఖాస్తుల అడ్రసూ మారుతుంది. సంతోషం. కానీ 83 ఏళ్ళు పట్టింది ఆ సంతోషానికి. ఈ మధ్యలో క్లయింటుకి గడువు మాత్రం పది రోజులే.

పోలిక కోసం థాయ్‌లాండ్ చూడండి. అక్కడ దీర్ఘకాలం ఉండే విదేశీయులు ఇల్లు మారకపోయినా ప్రతి 90 రోజులకీ అడ్రసు చెప్పుకోవాలి. టీఎం.47 అనే ఫారం. స్వయంగా వెళ్ళొచ్చు, వేరే మనిషిని పంపొచ్చు, రిజిస్టర్డ్ పోస్టులో పంపొచ్చు, ఆన్‌లైన్‌లో చెయ్యొచ్చు. ఆఫీసుకి వెళ్ళి చేసేవాళ్ళకి గడువు తేదీకి 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తర్వాత దాకా వెసులుబాటు. పని అయ్యాక ఒక చీటీ ఇస్తారు, దాని మీద మళ్ళీ ఎప్పుడు రావాలో తేదీ ఉంటుంది. ఆలస్యంగా మీరే వెళ్తే 2,000 బాట్ల జరిమానా, కట్టి బయటికి రావడమే. బ్యాంకాక్‌లో పనిచేసేవాళ్ళు ఈ తద్దినాన్ని తిట్టుకుంటూనే ఉంటారు, తిట్టుకోవడంలో తప్పులేదు. నాలుగుసార్లు సెలవు పెట్టి క్యూలో నిలబడ్డం సరదా కాదు. కానీ ఆ విసుగులో ఒక నిజాయితీ ఉంది. ఏం చెయ్యాలో, ఎప్పుడు చెయ్యాలో, చెయ్యకపోతే ఎంతో ముందే తెలుసు. చేసినట్టు చేతిలో కాగితం ఉంటుంది. విసిగించే చట్టాన్ని భరించొచ్చు. మర్చిపోయేలా చేసి తర్వాత కాటేసే చట్టాన్ని భరించడం కష్టం.

"వాళ్ళ దేశం, వాళ్ళ ఇష్టం. మన దగ్గర లేదా ఏంటి?"

ఈ వాదనా వింటుంటాం. ఉంది, మన దగ్గరా ఉంది. ఇండియాలో 180 రోజులకి మించి ఉండే విదేశీయులు మామూలుగా వచ్చిన 14 రోజుల్లో ఎఫ్ఆర్ఆర్ఓ దగ్గర నమోదు చేసుకోవాలి. హోటలువాడైనా, ఇంటివాడైనా విదేశీయుడు దిగితే 24 గంటల్లో ఆ వివరాలు పంపాలి. 1939, 1946 నాటి తెల్లదొరల చట్టాలతోనే ఇన్నేళ్ళూ బండి నడిపించి, 2025లో ఇమ్మిగ్రేషన్ అండ్ ఫారినర్స్ యాక్ట్ అని కొత్తది తెచ్చారు, ఆ సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. అమెరికా పాస్‌పోర్టు ఉన్న మనవాళ్ళ పిల్లలు హైదరాబాద్‌లో చదువుకోవాలంటే, ఓసీఐ లేకపోతే, ఆ ఎఫ్ఆర్ఆర్ఓ గుమ్మం ఎక్కాల్సిందే.

కాబట్టి నా అభ్యంతరం అడ్రసు అడగడం మీద కాదు. ఏ దేశమైనా తన ఇంటికొచ్చిన మనిషి ఎక్కడుంటున్నాడో తెలుసుకోవాలనుకుంటుంది. అడగొచ్చు. చెప్పని వాడికి జరిమానా వెయ్యొచ్చు, రెండోసారి ఇంకాస్త ఎక్కువ వెయ్యొచ్చు. డ్రైవింగ్ లైసెన్సు అడ్రసు మార్చకపోయినా చట్టం ఊరుకోదు, కానీ అందుకోసం ఇల్లూ ఉద్యోగమూ పిల్లల చదువూ వదిలి దేశం పట్టుకు పొమ్మనదు. నా అభ్యంతరం తప్పుకీ శిక్షకీ మధ్య ఉన్న దూరం మీద. సకాలంలో పన్ను కట్టి, స్టేటస్ చెడకుండా చూసుకుని, పదిహేనేళ్ళు ఒక ఊళ్ళో బతికిన మనిషిని ఒక కార్డు ముక్క పంపలేదని వెళ్ళగొట్టే అధికారం చేతిలో ఉంచుకోవడం భద్రత కోసం కాదు. నిజంగా దాక్కోవాలనుకునేవాడు అడ్రసు మార్పు ఫారం పంపుతాడా ఏంటి? పంపేది బుద్ధిమంతుడే, మర్చిపోయేదీ బుద్ధిమంతుడే. ఈ వలలో చిక్కేది ఎప్పుడూ వాడే.

సరిచెయ్యడం పెద్ద బ్రహ్మవిద్య కూడా కాదు. నేరం తీసేసి జరిమానా ఉంచండి. పది రోజుల్ని ముప్పై చెయ్యండి. పోస్టాఫీసులో అడ్రసు మార్చేటప్పుడు 'ఇమ్మిగ్రేషన్ శాఖకి కూడా పంపమంటారా' అని ఒక గడి పెట్టండి. పంపినవాడికి రసీదు ఇవ్వండి. ఇంత పెద్ద దేశానికి ఈ నాలుగు పనులు చేతకావంటే నమ్మను. మనసు లేదంటే నమ్ముతాను.

ఇక మనోళ్ళ సంగతి

చట్టాన్ని తిట్టేశాం కదా అని మనం చేతులు దులుపుకోడానికి లేదు. ఈ విషయంలో మన అలవాట్లు మహా ఘనంగా ఉంటాయి.

కన్సల్టెన్సీ గెస్ట్‌హౌస్ అడ్రసు సంగతి చూడండి. దిగిన రోజు ఐ-94కి ఇచ్చింది ఆ అడ్రసే. ఆ తర్వాత నాలుగు రాష్ట్రాల్లో నాలుగు ప్రాజెక్టులు చేసినా కాగితాల్లో ఆయన ఇంకా న్యూజెర్సీ గెస్ట్‌హౌస్‌లోనే, మిగతా పదిహేనుమందితో కలిసి, పడుకుని ఉంటాడు. "పర్మనెంట్ అడ్రసుగా అన్నయ్య ఇల్లిచ్చాలే" అనేది ఇంకో తెలివి. ఫారం అడిగేది మీరు ఉండే ఇల్లు. ఉత్తరాలకి వేరే అడ్రసు ఇచ్చుకోవచ్చు, దానికి వేరే గడి ఉంది. ఉండని ఇంట్లో ఉన్నట్టు రాస్తే అది మర్చిపోవడం కాదు, అబద్ధం. మర్చిపోయానని చెప్పుకోవడానికి ఒక దారైనా ఉంది, అబద్ధానికి అదీ లేదు.

ఇంకో గందరగోళం: ఇల్లు వేరు, పనిచేసే చోటు వేరు. ఏఆర్-11 మీరు ఎక్కడ పడుకుంటారో చెప్తుంది, ఎల్‌సీఏ మీరు ఎక్కడ పనిచేస్తారో చెప్తుంది. 2015 ఏప్రిల్‌లో వచ్చిన సిమియో సొల్యూషన్స్ నిర్ణయం ప్రకారం హెచ్-1బి మనిషి పనిచేసే చోటు ఆ మెట్రో ప్రాంతం దాటి మారితే కంపెనీ సవరణ పిటిషన్ వెయ్యాలి. ఇంటినుంచే పనిచేసేవాళ్ళకి ఇల్లు మారడమంటే ఆఫీసు మారడమే. డాలస్‌లో ఉద్యోగం, ఇల్లు చవకని ఇంకో రాష్ట్రానికి మకాం, ఎవరికీ చెప్పకపోవడం... ఇది ఒక ఫారంతో పోయే వ్యవహారం కాదు. కదలకముందే హెచ్ఆర్ చెవిన వెయ్యండి.

కుటుంబం సంగతి. భర్త తనది చేసుకుని అయిపోయిందనుకుంటాడు. భార్యకి వేరే, పిల్లలకి వేరే. ఒక్కొక్కరికీ ఒక్కొక్క ఏఆర్-11. అమెరికాలో పుట్టిన చిన్నదానికి అక్కర్లేదు, హైదరాబాద్‌లో పుట్టిన పెద్దాడికి కావాలి.

మరి అమ్మానాన్నల సంగతి? విజిటర్ వీసా మీద వచ్చి మూడు నెలలు కొడుకింట్లో, మూడు నెలలు కూతురింట్లో ఉంటారు. చట్టం అక్షరాలా చదివితే 30 రోజులు దాటి ఉండేవాళ్ళందరికీ ఇది వర్తిస్తుంది. డెబ్భై ఏళ్ళ పెద్దావిడ డాలస్ నుంచి ఎడిసన్‌కి వచ్చినందుకు పది రోజుల్లో ప్రభుత్వానికి తెలియజెయ్యాలన్నమాట. చట్టం ఎంత విడ్డూరంగా ఉందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. అయినా చేసెయ్యండి. ఆవిడ కాఫీ తాగే లోపల అయిపోతుంది, రేపు ఎక్స్‌టెన్షన్ అడిగినప్పుడు కాగితం శుభ్రంగా ఉంటుంది.

పౌరసత్వం వచ్చేసినవాళ్ళు ఈపాటికి ఈ టపా వదిలేసి వెళ్ళిపోయి ఉంటారు, కాస్త వెనక్కి రండి. అమ్మానాన్నల గ్రీన్‌కార్డుకో, భార్య గ్రీన్‌కార్డుకో మీరు ఐ-864 మీద సంతకం పెట్టి ఉంటే, ఆ బాధ్యత తీరేదాకా మీ ఇల్లు మారిన 30 రోజుల్లో ఐ-865 పంపాల్సింది మీరే. జరిమానా 250 డాలర్ల నుంచి మొదలు. గ్రహాంతర జీవితం అంత తొందరగా వదలదు.

చివరగా లాయరు. కంపెనీ లాయరు కంపెనీకి లాయరు. మీరు ఇల్లు మారినట్టు ఆయనకి కల రాదు. చెప్పినా, ఏఆర్-11 వెయ్యాల్సిన బాధ్యత చట్టం మీ మీదే పెట్టింది.

చెయ్యాల్సింది ఇంతే

యూఎస్‌సీఐఎస్ ఆన్‌లైన్ ఖాతా తెరవండి. ఇంట్లో ప్రతి ఒక్కరికీ విడివిడిగా అడ్రసు మార్చండి. పెండింగులో ఉన్న కేసుల రసీదు నంబర్లన్నీ దగ్గర పెట్టుకుని అవి కూడా మారాయో లేదో మళ్ళీ చూడండి. కన్ఫర్మేషన్ పేజీని తేదీతో సహా పీడీఎఫ్ చేసి, పాస్‌పోర్టు కాపీలున్న ఫోల్డర్లోనే పెట్టండి. కాగితం మీద పంపితే డెలివరీ రుజువుతో పంపి, ఆ రసీదు స్కాన్ చెయ్యండి. వాళ్ళ గిడ్డంగిని నమ్మకండి, మీ ఫోల్డర్‌ని నమ్మండి. పాత అడ్రసులు ఎప్పుడో మర్చిపోయి ఉంటే ఇప్పుడున్న అడ్రసు ఇవ్వాళే చెప్పండి. పెద్ద చిక్కులున్నవాళ్ళు సొంత ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడగండి, వాట్సాప్ గ్రూపులో పెద్దన్నని కాదు.

చట్టం మారాలని అడగాల్సినవాళ్ళం కూడా మనమే. ఓటుహక్కు వచ్చిన మన తెలుగువాళ్ళు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. సభలకి సెనేటర్ని పిలిచి శాలువా కప్పి ఫోటో దిగేటప్పుడు గ్రీన్‌కార్డు లైను గురించి ఎలాగూ అడుగుతారు, దాంతోపాటు ఈ 266 గురించి కూడా ఒక్క మాట అడగండి. ఇల్లు మారిన సంగతి చెప్పకపోవడం నేరంగా ఎందుకుండాలి అని. ఎనభై ఏళ్ళు దాటినా దానికి సరైన సమాధానం ఎవరూ ఇవ్వలేదు.

అడిగే ముందు మాత్రం మన ఫారం మనం పంపేసి ఉండాలి. నేరస్తుడి ఫిర్యాదుని ఎవరూ వినరు కదా. అంచేత ఈ ట్యాబ్ మూసే ముందు, మీ పాత అద్దె అగ్రిమెంటు మీద ఉన్న అడ్రసేంటో, ప్రభుత్వం దగ్గర ఉన్న అడ్రసేంటో ఒక్కసారి సరిచూసుకోండి.